చూరు కింద బాణం

రాయ్‌పూర్, రైల్వే క్వార్టర్స్,
14 ఫిబ్రవరి 1954.

చిరంజీవి పార్వతికి,

వదిన వరహాలు దీవించి రాయునది. ఇలా మొదలుపెట్టమని మీ అమ్మ ఆజ్ఞ. దీవించడానికి నేను నీకంటే పెద్దదాన్ని కాదు, నాలుగు నెలలు చిన్నదాన్ని. మీ అన్నయ్యను చేసుకున్న పుణ్యానికి పెద్దరికం వచ్చి నెత్తిన పడింది.

జపాన్ నుంచి నీ మొదటి ఉత్తరం శుక్రవారం చేరింది. పోస్టుమాన్ ఇంటికి తెచ్చేలోపే సగం కాలనీకి తెలిసిపోయింది. సాయంత్రానికి మన వరండా నిండిపోయింది. అత్త పీట వేసుకుని అందరికీ ముందు కూర్చుని, "సదువే కోడలా, గట్టిగా సదువు. ఎనకాలోల్లకి ఇనబడాల" అంది. ఆవిడకు చదువు రాదు, మీ అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, కాబట్టి నేనే చదివాను. ఓడ ప్రయాణం, టోక్యో వీధులు, మంచు, నీకు నర్సుల పైచదువు ఇచ్చిన దొరలు. లోపల పొయ్యి మీద పప్పు మాడుతోంది. నేను లేవబోతే "పోతే పోనీ పప్పు" అని అత్త కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో నా చేతిలో పప్పు మాడితే ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మీ అన్నయ్య సూరిబాబు గారి సంగతి చెప్పనక్కర్లేదు. ధమ్తరీ చిన్నబండికి ఆయన గార్డు కాదిప్పుడు, జపాన్ నర్సుకు అన్నయ్య. అభన్‌పూర్‌లో బండి ఆగితే చాలు, దిగి అందరికీ చెప్పి వస్తున్నాడట.

నీకు గుర్తుందో లేదో. నాగపూర్ నర్సింగు స్కూలుకు మనమిద్దరం ఒకే రోజు దరఖాస్తు పెట్టాం. ఇద్దరికీ పిలుపు వచ్చింది. నాకు వచ్చిన మార్కులు నీకంటే ఎక్కువ. ఆ వారంలోనే మీ అన్నయ్యతో నాకు ముహూర్తం పెట్టారు. నన్ను మీ ఇంట్లో చూపించింది నువ్వే. నన్ను ఇక్కడ దింపి నువ్వు బండెక్కావు.

సరే, అవన్నీ ఇప్పుడెందుకు. అక్కడి అక్షరాలు చాలా కష్టమని రాశావు. ఒకటి పంపు. ఎంత కష్టమో నేనూ చూస్తాను.

వరహాలు

*

టోక్యో,
9 మార్చి 1954.

వదినా,

నీ ఉత్తరం చదువుతుంటే పప్పు మాడిన వాసన ఇక్కడిదాకా వచ్చింది. మార్కుల సంగతి గుర్తుంది. నీకే ఎక్కువ.

అక్షరం అడిగావు. ఇదిగో:

疾

దీన్ని 'షిత్సు' అని పలుకుతారు. జబ్బు అని అర్థం. ఇక్కడ రోజూ కళ్ళెదుట ఉంటుంది కాబట్టి అన్నిటికంటే ముందు ఇదే పట్టుబడింది. నాకు నేర్పుతున్నావిడ పేరు తోమి గారు. బడిపంతులమ్మ. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు, నాకు వచ్చిన జపనీసు కలిపినా ఒక మాట పూర్తికాదు. మిగతాదంతా చేతులతో చెప్పుకుంటాం.

పైనా ఎడమ పక్కనా ఉన్న గీతల్ని ఇంటి చూరు అనుకో. చూరు పక్కన రెండు చినుకులు. ఈ చూరు కిందికి ఏది వచ్చి చేరినా దాదాపు ఆసుపత్రి మాటే అవుతుందట. నొప్పి, దురద, అలసట, అన్నీ ఆ ఇంట్లోనే కాపురం. మన అక్షరంలో చూరు కింద ఉన్నది బాణం. ఎక్కణ్ణుంచో వచ్చి తగిలే బాణంలాగా మనిషికి తగిలేది జబ్బు. ఇది తోమి గారు చెప్పిన వివరం.

రాసే వరస ఉంది. ముందు పైన చుక్క, తర్వాత అడ్డగీత, ఆ తర్వాత ఎడమకు జారే గీత, అప్పుడు చినుకులు. బాణం అన్నిటికంటే చివర. వరస తప్పితే తోమి గారు నా చేతిమీద వేలితో చిన్న దెబ్బ వేస్తుంది. నువ్వు రాసి చూసి చెప్పు.

ఒక్క కోరిక. అమ్మ చేత నాలుగు ముక్కలు చెప్పించి రాయి. ఆవిడ ఎలా మాట్లాడితే అలాగే రాయి, దిద్దకు. నీ పిల్లలిద్దరికీ, పైడికీ చిన్నారావుకీ, ముద్దులు.

పార్వతి

*

రాయ్‌పూర్,
20 ఏప్రిల్ 1954.

పార్వతీ,

నీ అక్షరం నాకు వచ్చేసింది. నువ్వెన్నాళ్ళు తీసుకున్నావో తెలియదు. నేను పైడి పలక తీసుకుని వంటింట్లో కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం చినుకులు ముందు వచ్చేశాయి, మర్నాడు బాణం చూరు బయటికి పొడుచుకొచ్చింది. మూడోనాటికి కుదిరింది. కింద నాది రాశాను, నీదాని పక్కన పెట్టి చూసుకో. ఎవరిది నిలువుగా ఉందో తోమి గారినే అడుగు.

అత్త పలక చూసి, "ఏటే ఇది? తేలా?" అంది. వెనకింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ తొంగిచూసి, "కా టోనా కరత్ హస్, బహూ?" అని నోరు నొక్కుకుంది. చేతబడి చేస్తున్నానని ఆవిడ అనుమానం. నేను నవ్వి, జపాన్ మాట, జబ్బు అని అర్థం అని చెప్పాను. ఆవిడ ఇంకా దూరం జరిగింది.

రాత్రి డ్యూటీ దిగి మీ అన్నయ్య వచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. తల అటు వంచి ఇటు వంచి, "మా పార్వతి గీసిందే బాగుంది. నీది కొంచెం వంగింది" అన్నాడు. ఆ అక్షరాన్ని ఆయన తలకిందులుగా పట్టుకున్నాడు, పార్వతీ. తలకిందులుగా పట్టుకుని నాది వంగిందన్నాడు.

ఇంకో సంగతి. ఇక్కడి డిస్పెన్సరీలో ఆడవాళ్ళకు కట్లు కట్టడానికి చదువొచ్చిన మనిషి కావాలన్నారు. నేను చేస్తానన్నాను. మీ అన్నయ్య అన్న మాట ఇది: "ఇంట్లో ఒక నర్సు చాలు." నువ్వు ఇంట్లో ఎక్కడున్నావు? ఇంట్లో లేనిదానివి ఉన్నట్టు లెక్క, ఉన్న నేను లేనట్టు లెక్క.

అమ్మ మాటలు రాయమన్నావు. 'ఒళ్ళు జాగ్రత్త' అంది. ఇంకా చాలా చెప్పింది. పొయ్యి మీద అన్నం ఉంది, రాయడానికి తీరిక లేకపోయింది.

వరహాలు

*

టోక్యో దగ్గర,
2 జూన్ 1954.

వదినా,

నీ అక్షరం తోమి గారికి చూపించాను. ఆవిడ నాది పక్కకు నెట్టి నీదాన్ని గోడకు అంటించింది. మా వదిన నిప్పుల పొయ్యి ముందు కూర్చుని రాసిందని చెబితే నమ్మలేదు. నాకు కొంచెం కుట్టింది. నీకు సంతోషమే కదా?

నేనుండే చోటు ఊరికి దూరం. చుట్టూ దేవదారు చెట్లు. కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. పొద్దున్నే పాలు, గుడ్డు ఇస్తారు. మధ్యాహ్నం అందరూ తప్పనిసరిగా పడుకోవాలి, మాట్లాడకూడదు కూడా. నన్ను చీపురు కూడా ముట్టుకోనివ్వరు. సాయంత్రం తోమి గారు కొత్త అక్షరం రాసిస్తుంది. చేతిరాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, వెల్లకిలా పడుకుని అట్ట మీద రాస్తున్నాను. అదొక సుఖం అలవాటైపోయింది.

అన్నయ్య మాట చదివి బాధేసింది. నేను ఆయనకు వేరే రాస్తాను. నువ్వు ఆ పని చేయగలవు.

అమ్మకు ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించు: "అమ్మా, ఇక్కడి అన్నం జిగురుగా ఉంటుంది. జ్వరం వస్తే నువ్వు పోసే ఉప్పు గంజి తాగాలని ఉందమ్మా. నీ పాతచీర ఒకటి పంపు. ఉతకొద్దు. తల కింద పెట్టుకుంటాను."

పార్వతి

*

రాయ్‌పూర్,
25 జూలై 1954.

పార్వతి గారికి,

పాలు, గుడ్డు, మధ్యాహ్నం నిద్ర. దేవదారు చెట్ల గాలి. చీపురు ముట్టుకోనివ్వని మనుషులు. చదువంటే ఇంత సుఖమని తెలిస్తే పీటల మీంచి లేచి పారిపోయి ఉండేదాన్ని.

ఇక్కడి సుఖం కూడా విను. బర్సాత్ మొదలైన దగ్గర్నుంచి వంటింటి పైకప్పు కారుతోంది. చిన్నారావుకు విరేచనాలు. అవి తగ్గాయనుకునేసరికి పైడికి జ్వరం. పిల్ల వారంపాటు కళ్ళు తెరవలేదు. ఆ వారమంతా నేను కూర్చునే కునికాను. వెనకింటి ముసలమ్మ కాలనీ అంతా చెప్పుకొచ్చింది, "జబ్బు బొమ్మ ఇంట్లో గీసింది, పిల్లకు తగిలింది" అని. అత్త ఆ మాట నమ్మిందో లేదో గానీ పలక తీసుకెళ్ళి తడిగుడ్డతో తుడిచేసింది. తుడుస్తూ నావైపు చూసింది. ఆ చూపు నేను చచ్చినా మరిచిపోను. అక్షరం పంపింది నువ్వు. మాటపడింది నేను. నువ్వేమో వెల్లకిలా పడుకుని కొత్త అక్షరాలు నేర్చుకుంటున్నావు.

పైడికి తగ్గింది. తగ్గించింది నేను. డాక్టరు వచ్చి చూసి, "ఎవరు చూసుకున్నారు? అచ్ఛా కామ్ కియా" అని మెచ్చుకున్నాడు. ఎవరూ విననట్టే ఉన్నారు.

ఇంకొకటి చెబుతాను, కోపం వస్తే రానీ. నువ్వు అమ్మకు రాసిన ఆ నాలుగు ముక్కలు నేను చదవలేదు. అందరూ వరండాలో కూర్చుని వింటున్నారు. ఆ చోటికి వచ్చేసరికి నా నోరు దాటేసింది. అత్త అడిగింది కూడా: "నా గుంట నాకేటీ రాయనేదా?" అని. "లేదత్తా, చదువుతో తీరిక లేదట" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ పూట నాకు అన్నం బాగా సయించింది.

అన్నీ నీకేనా, పార్వతీ? చదువు నీకే, దేశాలు నీకే, అమ్మ కూడా నీకేనా?

వరహాలు

*

శానిటోరియం, టోక్యో దగ్గర,
12 ఆగస్టు 1954.

వదినా,

పైన చిరునామా ఈసారి పూర్తిగా రాశాను. ఇన్నాళ్ళూ సగం దాచాను.

నేను చదువుకోవడం లేదు. వచ్చిన కొత్తలో అందరికీ తీసినట్టే నాకూ ఎక్స్‌రే తీశారు. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. నాగపూర్‌లో క్షయ వార్డులో అన్నేళ్ళు పనిచేశాను కదా, అక్కడే తగిలి ఉంటుంది. దగ్గు లేదు, జ్వరం నా దృష్టికి రాలేదు. క్లాసులో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. నీకు మార్చిలో రాసిన ఉత్తరం ఈ మంచం మీద నుంచి రాసిందే. పాలూ గుడ్డూ రోగులకు పెట్టేవి. కిటికీలు తెరిచేది మాకు గాలి ఆడాలని. మధ్యాహ్నం పడుకోబెట్టేది ఊపిరితిత్తికి విశ్రాంతి కోసం. తోమి గారు పక్కమంచం. ఆవిడ బడి వదిలి వచ్చి మూడేళ్ళయింది.

నీకు పంపిన అక్షరం మా వార్డు తలుపు మీది బోర్డులోది. 'ఛాతీ జబ్బులు' అని ఉంటుంది. పొద్దున్న లేస్తే అదే కనిపిస్తుంది, అందుకే ముందు అదే వచ్చింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఏడవడం తోమి గారు చూసింది. ఎవరు రాశారంది. గోడమీద నీ అక్షరం చూపించాను. తిట్టారా అంటే, కాదు, అసూయ అని ఎలా చెప్పాలో తెలియక నా గుండె మీద చెయ్యి పెట్టి మండుతున్నట్టు చూపించాను. ఆవిడ అర్థం చేసుకుని, కాగితం తీసుకుని మన అక్షరమే మళ్ళీ రాసింది. దాని ఎడమ పక్కన ఇంకో చిన్న అక్షరం చేర్చింది:

嫉

ఆ చేర్చింది 'ఆడది' అట. జబ్బు పక్కన ఆడదాన్ని నిలబెడితే అసూయ. ముందు నవ్వొచ్చింది. నిన్నే చూపించారనుకున్నాను. ఆ తర్వాత నవ్వు పోయింది. ఎందుకంటే ఈ మంచం మీద నేను రోజూ చేస్తున్న పని అదే. నువ్వు పప్పు మాడ్చుకున్నావని రాస్తే, అమ్మ ఉన్న ఇంట్లో మాడ్చుకుంది కదా అని కుళ్ళుకున్నాను. పైడి జ్వరం సంగతి చదివి కూడా, రాయడానికే సిగ్గేస్తోంది, పక్కన కూర్చుని కునికే మనిషి ఆ పిల్లకు ఉంది కదా అనుకున్నాను. ఏడేళ్ళ పిల్లను చూసి.

ఇంజెక్షన్లతో తగ్గినంత తగ్గింది. మిగిలినదానికి ఎడమవైపు కొన్ని పక్కటెముకలు తీసేసి, ఆ భాగం అణిగేలా చేస్తామంటున్నారు. ఇక్కడ చాలామందికి చేస్తున్నారు. కొందరు నడిచి ఇంటికి వెళ్ళారు. అందరూ కాదు. ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలట. అన్నయ్యకు చెప్పి రాయించు. అమ్మకు మాత్రం చెప్పకు.

ఆ నాలుగు ముక్కలు చదవనందుకు నిన్ను క్షమించలేదు. ఆపరేషన్ అయ్యాక చూద్దాం.

పార్వతి

*

రాయ్‌పూర్,
5 సెప్టెంబరు 1954.

పార్వతీ,

నీ ఉత్తరం నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చింది. చదివాక నాకు ముందుగా ఏమనిపించిందో రాస్తాను. దాచితే ఇంకా పాడైపోతాను. 'ఇప్పుడు కూడా ఇదే గెలిచింది, ఇక ఇల్లంతా దీనికోసమే ఏడుస్తుంది' అనిపించింది. బియ్యం చేట వదిలేసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. మధ్యాహ్నం నిద్ర గురించి నేను రాసిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

నువ్వు చెప్పొద్దన్నావు. నేను అత్తకు చెప్పాను. ఆవిడ దగ్గర నీ గురించి ఇంకొక అబద్ధం మోసే ఓపిక నాకు లేదు.

ముందు ఆ నాలుగు ముక్కలు చదివాను. జూన్‌లో వచ్చినవే, అప్పుడు చదవలేదు అన్నాను. అత్త బీడీ ఆకుల బుట్ట పక్కన పెట్టి విన్నది. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు సదివింది నా గుంట రాసిందంతా కాదని నాకు తెల్దనుకున్నావేటి?" అంది. "అది 'అమ్మా' అనకుండా రెండు ముక్కలు మాటాడదు. నువ్వు సదివిన చిట్ఠీల్లో ఒక్క 'అమ్మా' నేదు."

"మరెందుకు ఊరుకున్నావత్తా?"

"నిన్ను కసిరితే సదవడం మానేత్తావు. నీ నోటమ్మటయినా దాని పేరు ఇంటన్నాను గదాని ఊరుకున్నాను."

పార్వతీ, నా జన్మలో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

తర్వాత జబ్బు సంగతి, ఆపరేషన్ సంగతి చెప్పాను. అత్త విని, "ఎముకలు తీసేత్తారా? తియ్యనీ. ఎముకలు నేకపోతే నేకపోనీ, గుంట ఉంటే సాలు" అంది. అని లేచి లోపలికెళ్ళి, కట్టుకున్న చీర విప్పి వేరేది కట్టుకుని వచ్చింది. ఆ విప్పిన చీరే పార్సిల్‌లో పంపుతున్నాను. ఉతకలేదు.

మీ అన్నయ్య ఒప్పుదల రాసిచ్చాడు. అసలు మాటలు నేను చెప్పి రాయించాను. సంతకం పెట్టేముందు రైల్వే డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. ఎన్ని ఎముకలు తీస్తారు, ఒకేసారా రెండుసార్లా, రక్తం ఎక్కిస్తారా, చెయ్యి లేస్తుందా, అన్నీ అడిగాను. ఆయన జవాబులు చెప్పి, "చేయించుకోవడమే మంచిది" అన్నాడు. నువ్వు కూడా వాళ్ళను ఇవే అడుగు. మొహమాటపడకు.

ఆ రెండో అక్షరం గురించి. జబ్బు పక్కన ఆడదాన్నే ఎందుకు నిలబెట్టారు? మగవాళ్ళు కుళ్ళుకోరా? అది చేసినవాడు మగవాడే అయి ఉంటాడు. తోమి గారితో ఈ మాట నేనన్నానని చెప్పు.

బతికి రా. క్షమించకపోయినా ఫరవాలేదు.

వరహాలు

*

శానిటోరియం,
10 డిసెంబరు 1954.

వదినా,

బతికాను. రెండు విడతలుగా చేశారు. రెండోదాని తర్వాత కొన్నాళ్ళు నాకు ఏమీ తెలియలేదు. ఇప్పుడు లేచి కూర్చుంటున్నాను. ఎడమ భుజం కిందికి జారింది, చెయ్యి చెవిదాకా లేవదు. కఫం పరీక్షలో రెండుసార్లు ఏమీ కనిపించలేదు. ఇంకోసారి చూస్తారు.

నువ్వు రాసిన ప్రశ్నలు సర్జన్‌ను అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, నేను ఏ డాక్టరు దగ్గర పనిచేశానన్నాడు. మా వదిన దగ్గర అన్నాను.

అమ్మ చీర ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు వచ్చింది. బయటి బట్టలు వార్డులోకి రానివ్వరు, తీసుకెళ్ళి ఆవిరి పట్టించారు. అమ్మ వాసనంతా పోయిందని ఏడ్చాను. తోమి గారు కొంగు అంచు మడత విప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. అక్కడ కొంచెం మిగిలింది. పొగ, పొగాకు, ఆముదం.

నీ మాట తోమి గారికి చెప్పాను. చాలాసేపు నవ్వి, దగ్గొచ్చి, నర్సు చేత తిట్లు తిన్నది. ఆ తర్వాత మూడు వారాలకు ఆవిడకు రక్తం పడింది. ఆపరేషన్‌కు ఒళ్ళు నిలబడదన్నారు. పోయిన సోమవారం పక్కమంచం ఖాళీ అయింది. దుప్పటి మార్చి వేరే మనిషిని పడుకోబెట్టారు. కొత్తావిడ మంచిదే. నేనింకా ఆవిడతో మాట్లాడలేదు.

నా స్కాలర్‌షిప్ రద్దయింది. ఏప్రిల్లో ఓడ ఎక్కిస్తారట. నర్సుగా మళ్ళీ పనిచేయగలనో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

నిన్ను క్షమించాను. పెద్ద మనసుతో అనుకోకు. కోపం మోయాలంటే ఊపిరి కావాలి.

పార్వతి

*

రాయ్‌పూర్,
18 ఫిబ్రవరి 1955.

పార్వతీ,

తోమి గారి సంగతి చదివి, చూడని మనిషి కోసం నేను తలస్నానం చేశాను. అత్త ఎందుకని అడగలేదు.

ఇంట్లో నీకోసం ముందు గదికి సున్నం వేస్తున్నారు. వేరే మంచం, వేరే కంచం, వేరే గ్లాసు, ఎండ పడే కిటికీ. అన్నీ డాక్టరును అడిగి నేనే ఏర్పాటు చేయించాను. చేయిస్తూనే కుళ్ళుకున్నాను కూడా. నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ గోడలకు ఎవరూ సున్నం వేయలేదు. నీకు జబ్బు చేసింది కదా అని నా బుద్ధి మారలేదు, తెలుసుకో.

ఇంకో కబురు. తిల్దా ఆసుపత్రిలో మంత్రసానుల ట్రైనింగ్ ఉంది. పెళ్ళైనవాళ్ళను కూడా తీసుకుంటారు, అక్కడే ఉండాలి. దరఖాస్తు పెట్టాను. పిలిచారు. జూన్‌లో చేరాలి.

మీ అన్నయ్య మళ్ళీ అదే పాట. "ఇంట్లో ఒక నర్సు ఉంది కదా!"

ఈసారి నేను నోరు విప్పేలోపే అత్త అందుకుంది: "ఆ ఒక్క నర్సు మంచంలో ఉంది. రేపు నాను పడిపోతే సూసీది ఎవులు? నీ గార్డు జెండా సూత్తాదేటి?"

"పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?"

"నిన్ను పెంచింది ఎవులు? నానే గదా. మరీ అంత సెడిపోనేదు నివ్వు."

ఆయన సైకిల్ తీసుకుని బయటికి పోయాడు. రాత్రి అన్నం దగ్గర, "ఎన్ని నెలలు?" అని మాత్రం అడిగాడు.

పిల్లల్ని వదిలి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది. చిన్నారావు నా కొంగు పట్టుకోకుండా పడుకోడు. నేను వెళ్ళాక నువ్వుంటావు వాళ్ళ దగ్గర. అది తలుచుకుంటే కూడా ఒళ్ళు మండుతోంది. అయినా వెళ్తాను.

వరహాలు

*

రాయ్‌పూర్,
21 ఆగస్టు 1955.

వదినా,

నువ్వు తిల్దా వెళ్ళి రెండు నెలలు దాటింది. ఆదివారాలు నువ్వు వచ్చిపోతూనే ఉన్నా, ఎదురుగా చెప్పలేనివి ఉన్నాయి, అందుకని రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. అమ్మ ఉదయం నా తల దువ్వుతుంది, నా చెయ్యి అంతదాకా లేవదు కదా. దువ్వుతున్నంతసేపూ నీ గురించే చెబుతుంది. వరహాలైతే చిక్కు ఇలా తీస్తుంది, వరహాలైతే పులుసులో బెల్లం ఇంత వేస్తుంది. వరసకు మూడు రోజులు విన్నాను. నాలుగోనాడు, "నేను సముద్రం దాటి వచ్చానమ్మా, నా మాట ఒకటి అడుగు" అన్నాను. "నివ్వు వచ్చీసినావు గదే. అది ఎలిపోయింది" అంది.

నిన్న డాక్టరు వచ్చాడు. ఈసారి కూడా కఫంలో ఏమీ లేదు. ఇక పిల్లల్ని దగ్గరికి రానివ్వవచ్చన్నాడు. ఇన్నాళ్ళూ గుమ్మం దాటి లోపలికి రాకుండా పైడి అక్కడే నిలబడి నాతో మాట్లాడేది. నేను రమ్మన్నాను. నమ్మలేదు. అమ్మ వైపు చూసింది, అమ్మ తల ఊపింది. అప్పుడు వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా ఒళ్ళోకి జరిగింది. ఏడాదిన్నర అయింది వదినా, నా ఒళ్ళో ఒక పిల్ల కూర్చుని. దాని తల నూనె నా గడ్డానికి అంటుకుంది. తుడుచుకోలేదు.

కొంచెంసేపటికి అది నా జారిన భుజం మీద వేలు పెట్టి చూసింది. నొప్పా అంది. లేదన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసి, "అత్తా, నువ్వు మా అమ్మ కంటే పెద్ద నర్సువా?" అంది.

వదినా, నేను నాగపూర్‌లో ఆరేళ్ళు వార్డులు నడిపాను. నువ్వింకా బొడ్డు కోయడం నేర్చుకుంటున్నావు. అయినా ఆ పిల్ల కళ్ళల్లోకి చూస్తూ, "కాదు, మీ అమ్మే పెద్ద నర్సు" అన్నాను.

అది సంతోషించింది. నువ్వు మాత్రం ఆ మాట నమ్మకు.

పార్వతి